ఏసీ టన్నులు, కూలర్ ఉక్కపోత, గీజర్ నీళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఎండాకాలం మొదలయ్యేసరికి మాకు వచ్చే ఉత్తరాలలో సగానికి పైగా ఒకే ప్రశ్న ఉంటుంది: ఎన్ని టన్నులది కొనాలి? గది కొలతలు రాసి, జవాబుగా ఒక అంకె చెప్పమంటారు. కొలతలతో పాటు పైకప్పు, గోడల దిక్కు, కిటికీలు, వైరింగు సంగతి కూడా రాసిన వారి ఉత్తరాలనే ఈసారి ఎంచుకున్నాము. అవి తెలియకుండా చెప్పే జవాబు ఊహే అవుతుంది. చలికాలానికి సంబంధించిన రెండు ప్రశ్నలను కూడా చివర చేర్చాము.

ప్రశ్న: మాది హన్మకొండ నయీంనగర్. మేముండే రెండో అంతస్తే ఆఖరిది, పైన స్లాబ్ తప్ప మరేమీ లేదు. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న పడకగదికి నిరుడు 1 టన్ను ఇన్వర్టర్ ఏసీ పెట్టించాము. 15 అడుగుల గోడ పడమటి వైపు ఉంది. ఆ గోడకే నాలుగడుగుల కిటికీ. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా 18 మీద పెట్టినా గది 29, 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతోంది. అర్ధరాత్రి దాటాక మాత్రం దుప్పటి కప్పుకోవలసి వస్తోంది. దీన్ని తీసేసి 2 టన్నులది పెట్టించుకోమని దుకాణం వారు అంటున్నారు. పెట్టించవచ్చునా? (ఒక ఉపాధ్యాయిని, హన్మకొండ)

జవాబు: అర్ధరాత్రి దాటాక దుప్పటి కావలసి వస్తోందన్న మాటలోనే సగం జవాబు ఉంది. గ్యాస్ తగ్గిన ఏసీ గాని, కంప్రెసర్ నీరసించిన ఏసీ గాని అర్ధరాత్రి కూడా గదిని అంతగా చల్లబరచలేదు. కాబట్టి మీ యంత్రంలో లోపం లేదు. సాయంత్రం పూట గదిలోకి వచ్చి పడుతున్న వేడి దాని శక్తికి మించి ఉంది. ఆ వేడి ఎక్కడి నుంచి వస్తోందో లెక్క వేసి చూద్దాము.

టన్ను అన్నది బరువు కాదని మీకు తెలిసే ఉంటుంది. అమెరికాలో మంచుగడ్డల వ్యాపారం సాగిన రోజుల్లో, 907 కిలోల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో దాన్ని ఒక టన్ను అన్నారు. నేటి కొలతలో అది గంటకు 12,000 బీటీయూలు, అంటే 3,517 వాట్లు. అయితే దుకాణంలో '1 టన్ను' అని అమ్మే ఏసీలన్నీ కచ్చితంగా అంత ఇవ్వవు. స్టార్ లేబుల్ మీద చల్లబరిచే సామర్థ్యాన్ని వాట్లలో ముద్రిస్తారు. ఒక మోడల్‌కు 3,300 ఉంటే మరొక దానికి 3,500 ఉండవచ్చు. నక్షత్రాల సంఖ్య కరెంటు పొదుపును చెబుతుందే గాని చల్లదనం ఎంతో చెప్పదు. కొనేటప్పుడు నక్షత్రాల కంటే ముందు ఈ వాట్ల అంకెను చదవండి. పైగా అది బయట 35 డిగ్రీల వేడి ఉన్నప్పుడు కొలిచిన అంకె. రోహిణి కార్తెలో హన్మకొండ డాబా మీద 43 డిగ్రీలు ఉన్నప్పుడు అదే యంత్రం ఇంచుమించు పదో వంతు తక్కువ ఇస్తుంది. అంటే మీ 1 టన్ను ఏసీ నుంచి ఆ సమయంలో 3,100 వాట్ల చల్లదనం వస్తే అదే గొప్ప.

ఇప్పుడు గదిలోకి వచ్చే వేడి సంగతి. 180 చదరపు అడుగులంటే దాదాపు 16.7 చదరపు మీటర్లు. రోజంతా ఎండ తాగిన కాంక్రీటు స్లాబ్ ఆ వేడిని వెంటనే కిందికి విడిచిపెట్టదు. మూడు నాలుగు గంటలు ఆలస్యంగా, సరిగ్గా మీరు బడి నుంచి ఇంటికి వచ్చి ఏసీ వేసే వేళకు విడవడం మొదలుపెడుతుంది. నా లెక్కలో ఆ ఒక్క దారిలోనే 1,500 వాట్లకు పైగా వస్తోంది. తొమ్మిది అంగుళాల ఇటుకతో కట్టిన పడమటి గోడ నుంచి 500, దాని కిటికీ అద్దం నుంచి 600 దాకా, మిగిలిన గోడల నుంచి 400, సందుల గుండా చొరబడే గాలితో 200, ఇద్దరు మనుషుల ఒంటి వేడి 240, ఫ్యాను, టీవీ, దీపాలు కలిపి 150. అన్నీ కూడితే 3,600 వాట్లు దాటుతోంది. 3,100 ఇచ్చే యంత్రం 3,600 వేడితో పెనుగులాడుతూ 30 డిగ్రీల దగ్గర ఆగిపోవడం సహజమే. ఇక 18 మీద పెట్టడం వల్ల లాభం లేదు. గది 30 దగ్గర ఉన్నప్పుడు మీరు 24 మీద పెట్టినా, 18 మీద పెట్టినా ఇన్వర్టర్ కంప్రెసర్ తన పూర్తి వేగంతోనే తిరుగుతుంది. అర్ధరాత్రి దాటాక మిమ్మల్ని వణికించేది మాత్రం ఆ 18 అంకే.

మొత్తం వేడిలో ఐదింట రెండు వంతులు పైకప్పు నుంచే వస్తుంటే, ఖర్చు కూడా మొదట అక్కడే పెట్టడం న్యాయం. వానలకు నల్లబడిన సిమెంటు స్లాబ్ తన మీద పడే ఎండలో మూడింట రెండు వంతులను పీల్చుకుంటుంది; మంచి తెల్లటి పూత నాలుగో వంతుకు మించి పీల్చుకోదు. అంటే స్లాబ్ నుంచి దిగే వేడి సగానికి వస్తుంది. సున్నం పూత చౌకే గాని ఒక వానకాలం గడిస్తే కొట్టుకుపోతుంది. కూల్ రూఫ్ పెయింటు అని అమ్మేవి కొన్నేళ్లు నిలుస్తాయి. తెల్ల పెంకు ముక్కలతో వేసే చైనా మొజాయిక్ ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. ఏది వేసినా దుమ్ము పట్టిన కొద్దీ పని తగ్గుతుంది కాబట్టి ఏటా ఎండలు ముదిరే ముందు ఒకసారి చీపురు పెట్టి కడగాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో 2028 దాకా అమలయ్యేలా ప్రత్యేకంగా ఒక కూల్ రూఫ్ విధానాన్నే ప్రకటించింది. మన డాబాలు మాత్రం ఇంకా బూడిద రంగులోనే ఉన్నాయన్నది వేరే సంగతి.

రెండో పని కిటికీది. లోపల ఎంత మందం పరదా వేసినా ఎండ అద్దం దాటి గదిలోకి వచ్చాకే పరదాకు తగులుతుంది. ఆ వేడి అప్పటికే మీ ఇంటిదైపోయింది. అదే ఎండను బయటే ఒక వెదురు తడకతో గాని, గ్రీన్ నెట్‌తో గాని ఆపితే 600 వాట్లు 300కు దిగుతాయి. ఈ రెండూ చేస్తే మొత్తం 2,550 వాట్ల ప్రాంతంలోకి వస్తుంది. మీ దగ్గరున్న ఏసీయే సరిపోతుంది. ఏసీని 25 లేదా 26 మీద పెట్టి, సీలింగ్ ఫ్యానును నెమ్మదిగా తిప్పండి. ఏసీని వేయగానే 24 డిగ్రీలే చూపాలన్న నియమం 2020 జనవరి 1 నుంచి అమలులో ఉంది. ఒక్కొక్క డిగ్రీ పెంచితే కరెంటు ఖర్చు 6 శాతం దాకా తగ్గుతుందని ఆ నియమం తెచ్చిన ఇంధన సామర్థ్య సంస్థ లెక్క.

ఒకవేళ అద్దె ఇల్లు కావడం వల్ల డాబా మీద చేయి పెట్టే వీలు లేకపోతే, 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీ చాలు. 2 టన్నులది వద్దంటాను. వానకాలంలో, వేడి తక్కువగా తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో, అవసరానికి మించిన యంత్రం గదిని గబగబా చల్లబరిచి నెమ్మదించిపోతుంది; గాలిలోని తేమ నీరై డ్రెయిన్ పైపు గుండా పోవడానికి తగినంత వ్యవధి ఉండదు. గది చల్లగా ఉంటుంది, ఒళ్లు జిగటగానూ ఉంటుంది. దానికి తోడు 2 టన్నులకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడి ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్) కావాలి. పాత ఇంటి వైరింగులో అవి ఉండడం అరుదు.

ప్రశ్న: మాది గోదావరిఖని. 1.5 టన్నుల స్ప్లిట్ ఏసీ కొని నాలుగేళ్లయింది. ప్రతి ఏడాదీ మార్చిలో మెకానిక్‌ను పిలిపిస్తే గ్యాస్ అయిపోయిందని చెప్పి గ్యాస్ పట్టిస్తున్నాడు. నెల రెండు నెలలు బాగుంటుంది, మళ్లీ చల్లదనం తగ్గుతుంది. ఏటా గ్యాస్ పట్టించడం మామూలేనా? మా ఔట్‌డోర్ యూనిట్ వెనక సందులో ఉంది, బొగ్గు దుమ్ము బాగా పడుతుంది. (ఒక విశ్రాంత గని ఉద్యోగి)

జవాబు: మామూలు కాదు. ఏసీలోని గ్యాస్ బండిలో పోసే పెట్రోలు లాంటిది కాదు, వాడకంతో అయిపోదు. అది రాగి గొట్టాల లోపల ఆవిరవుతూ, ద్రవమవుతూ అదే పనిగా తిరుగుతూ ఉంటుంది. అతుకులు సరిగా ఉంటే పదేళ్లయినా తగ్గవలసిన పని లేదు. కాబట్టి మీ ఏసీ విషయంలో జరిగింది రెండింటిలో ఒకటి: ఎక్కడో లీకు ఉండి దాన్ని మూయకుండా ఏటా నింపుతున్నారు, లేదా అసలు గ్యాస్ తగ్గనే లేదు, దుమ్ముకు చల్లదనం తగ్గితే గ్యాస్ మీద నెపం వేస్తున్నారు. గోదావరిఖని, రామగుండం ప్రాంతాలలో రెండో దానికి అవకాశం తక్కువేమీ కాదు.

ఏది నిజమో తేల్చుకునే పని మీ చేతిలోనే ఉంది. ముందుగా ఇన్‌డోర్ యూనిట్ మూత తెరిచి ఫిల్టర్ జాలీలను కడిగి ఆరబెట్టి పెట్టండి. తరువాత మెయిన్ స్విచ్ ఆపి, ఔట్‌డోర్ యూనిట్ వెనక అల్యూమినియం రేకుల మీద మామూలు నీళ్ల పైపుతో, ఒత్తిడి ఎక్కువ లేకుండా, పై నుంచి కిందికి నీళ్లు పోయండి. బండ్లు కడిగే ప్రెషర్ గన్ వాడితే ఆ పలుచటి రేకులు వంగిపోయి గాలికి దారే ఉండదు. ఆరాక ఏసీని ఫ్యాను గరిష్ఠ వేగంతో, 18 మీద పెట్టి, 15 నిమిషాలు నడిపించండి. ఒక మామూలు థర్మామీటరుతో, జ్వరం చూసేది కాదు, గది గాలిని కొలిచేది, ఏసీ పైభాగంలో లోపలికి వెళ్లే గాలిని, కింద నుంచి వచ్చే గాలిని కొలవండి. రెంటికీ మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే గ్యాస్ సరిపడా ఉన్నట్లే అనుకోవచ్చు. నాలుగైదు డిగ్రీలకు మించకపోతే అప్పుడు గ్యాస్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఔట్‌డోర్ యూనిట్ దగ్గర సన్న పైపు మీద మంచు పేరుకోవడం కూడా గ్యాస్ తగ్గిన గుర్తే. అయితే ఇన్‌డోర్ కాయిల్ మీద కట్టే మంచు ఫిల్టర్ మూసుకుపోయినా కడుతుంది, అందుకే కడగడం ముందు, కొలవడం తరువాత అన్నాను.

నిజంగానే లీకు ఉందని తేలితే, మెకానిక్‌ను ఏమేమి చేయమనాలో తెలిసి ఉండాలి. మొదట గొట్టాలలో నైట్రోజన్ నింపి, ఒత్తిడి పెంచి, అది పడిపోతోందేమో గేజీలో చూడాలి. సబ్బు నీళ్లు పూసి బుడగలు వచ్చే చోటు పట్టుకోవాలి. సాధారణంగా ఇత్తడి నట్లతో బిగించిన అతుకుల దగ్గరో, వాల్వుల మూతల దగ్గరో, ఇన్‌డోర్ కాయిల్ వంపుల దగ్గరో అది దొరుకుతుంది. బాగు చేశాక వాక్యూమ్ పంపు పెట్టి గొట్టాలలోని గాలిని, తేమను పూర్తిగా లాగేయాలి. దీన్ని ఎగ్గొట్టి, కొంచెం గ్యాస్ వదిలి గాలిని తరిమేశామనడం మన దగ్గర బాగా అలవాటైన అడ్డదారి. లోపల మిగిలిన తేమ కొన్నేళ్లలో కంప్రెసర్‌ను తినేస్తుంది. చివరగా గ్యాస్‌ను తక్కెడ మీద పెట్టి, ఔట్‌డోర్ యూనిట్ మీద రాసి ఉన్నన్ని గ్రాములే ఎక్కించాలి. చేత్తో పైపు పట్టుకుని 'చల్లబడింది, చాలు' అనడం కొలత కాదు. అక్కడే గ్యాస్ రకం కూడా రాసి ఉంటుంది: ఆర్-32, ఆర్-410ఏ, ఆర్-290 వంటివి. ఒకదానిలో మరొకటి కలపకూడదు. ఆర్-290 అంటే ప్రొపేనే, మన వంట గ్యాస్‌లో ఉండేదే. అది ఉన్న గొట్టాన్ని ఖాళీ చేసి నైట్రోజన్‌తో కడగకుండా వెల్డింగ్ మంట పెట్టనివ్వకండి.

సందు సంగతి కూడా చూసుకోండి. ఔట్‌డోర్ యూనిట్ ఊదే వేడి గాలి ఎదుటి గోడకు తగిలి మళ్లీ దాని వెనక్కే చేరితే, ఊళ్లో 44 డిగ్రీలు ఉన్నప్పుడు దాని చుట్టూ 50 ఉంటుంది. ముందు వైపు కనీసం రెండు మూడడుగులు ఖాళీగా ఉండాలి. లేకపోతే పైకి, డాబా మీదికి మార్పించడం మేలు. నీడ కోసమని నాలుగు వైపులా రేకులు కట్టేవారున్నారు, దానివల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

ప్రశ్న: మా ఇంట్లో ఇనుప కూలర్ ఉంది. మే నెలలో హాయిగా ఉంటుంది, జూలైలో అదే కూలర్ వేస్తే చెమటతో తడిసిపోతున్నాము. ఇంకా పెద్ద కూలర్ కొంటే ఈ ఇబ్బంది పోతుందా? (ఒక పాఠకుడు, కాశిబుగ్గ, వరంగల్)

జవాబు: పోదు. కూలర్ చల్లదనాన్ని తయారు చేయదు. తడి గడ్డి గుండా గాలిని లాగి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరికి కావలసిన వేడిని గాలి నుంచే తీసుకుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత నీరు ఆవిరవుతుంది. మేలో 43 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నం, గాలిని నీటితో గరిష్ఠంగా 25 డిగ్రీల దాకా దించవచ్చు. మంచి గడ్డి ఉన్న కూలర్ 28, 29 దాకా దించగలదు. మృగశిర వెళ్లి వానలు పట్టాక, 32 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్నప్పుడు ఆ కింది హద్దు 28 దగ్గరే ఉంటుంది. కూలర్ ఎంత పెద్దదైనా మూడు డిగ్రీలకు మించి దించలేదు, పైగా గదిలో తేమ పోగుచేస్తుంది. చెమట ఆరకపోవడానికి కారణం అదే. వానకాలంలో పంపు ఆపేసి, ఉత్త ఫ్యానుగా వాడుకోండి.

మేలో కూడా కొందరికి కూలర్ పని చేయదు. తలుపులు, కిటికీలు అన్నీ మూసి వేయడమే దానికి కారణం. కూలర్ కిటికీ బయట ఉండి బయటి పొడి గాలిని లాగాలి, ఎదుటి వైపు ఒక తలుపో కిటికీయో తెరిచి ఉండి లోపలి తడి గాలి బయటికి పోవాలి. ఏసీతో పాటు కూలర్ వేయడం మాత్రం రెండింటినీ పాడుచేసుకోవడమే. సైజు విషయానికి వస్తే, గదిలోని గాలి మొత్తం రెండు నిమిషాలకు ఒకసారి మారాలి. 12 అడుగుల చదరం, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో 41 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది కనుక గంటకు 1,200 ఘనపు మీటర్లు తోసే కూలర్ కావాలి. డబ్బా మీద రాసిన అంకె గడ్డి తడిసి బరువెక్కాక రాదు కాబట్టి, 1,500 అని ఉన్నది తీసుకోండి.

ఇనుప కూలర్ అన్నారు గనుక అడగని మాట ఒకటి చెప్పాలి. తడి చేత్తో ఇనుప కూలర్‌ను తాకి ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు ఏటా ఎండాకాలంలో చదువుతూనే ఉన్నాము. మూడు పిన్నుల ప్లగ్గు, పని చేసే ఎర్తింగు, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఈ మూడూ లేకుండా కూలర్ వేయకండి. నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. బోరు నీళ్లు వాడితే ఆవిరైన కొద్దీ ఉప్పు మిగిలి గడ్డి తెల్లగా గట్టిపడుతుంది. వారానికి ఒకసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి కడిగితే గడ్డీ నిలుస్తుంది, డెంగీ దోమ గుడ్లూ మిగలవు.

ప్రశ్న: రాత్రి ఎనిమిది నుంచి పదకొండు వరకు మా ఏసీ నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది, తిరిగి చాలాసేపటికి మొదలవుతుంది. వోల్టేజీ తక్కువ అంటున్నారు. స్టెబిలైజర్ కొంటే సరిపోతుందా? (హుజూరాబాద్)

జవాబు: ముందు వోల్టేజీ ఎక్కడ తగ్గుతోందో కొలిపించండి. ఆ వేళలోనే, ఏసీ నడుస్తుండగా, ఎలక్ట్రీషియన్‌తో మీటరు దగ్గర ఒకసారి, ఏసీ ప్లగ్గు దగ్గర ఒకసారి చూపించండి. మీటరు దగ్గర 220 ఉండి ప్లగ్గు దగ్గర 200 ఉంటే లోపం మీ ఇంటి తీగలలో ఉంది. సన్న తీగ మార్చి, ఏసీకి మీటరు నుంచి విడిగా లైను వేయించాలి. స్టెబిలైజర్ ఆ తీగ నుంచి ఇంకా ఎక్కువ కరెంటు లాగి దాన్ని వేడెక్కిస్తుంది. మీటరు దగ్గరే 180 ఉంటే వీధి లైను, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. విద్యుత్ పంపిణీ సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్ సెక్షన్ కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఏసీ కొన్నాక మీ ఇంటి లోడును పెంచి నమోదు చేయించారో లేదో కూడా చూసుకోండి. ఈ రెండో సందర్భంలో స్టెబిలైజర్ అక్కరకు వస్తుంది. చాలా ఇన్వర్టర్ ఏసీలకు ఎంత నుంచి ఎంత వరకు వోల్టేజీని తట్టుకుంటాయో పుస్తకంలో రాసి ఉంటుంది. మీ కొలత ఆ హద్దుల లోపల ఉంటే అది కూడా వద్దు.

ప్రశ్న: మాది ఉట్నూరు. డిసెంబరు, జనవరిలో చలి చాలా ఎక్కువ. పెద్దవాళ్లు పడుకునే గదిలో ఇన్నాళ్లూ రాత్రంతా బొగ్గుల కుంపటి పెడుతున్నాము. గది 10 అడుగులు, 12 అడుగులు, స్లాబ్ ఇల్లు. హీటర్ కొనాలా, వేడి కూడా ఇచ్చే ఏసీ కొనాలా? (ఒక పాఠకురాలు)

జవాబు: ఏది కొన్నా కొనకపోయినా, కుంపటిని ఈ రాత్రి నుంచే పడకగదిలోంచి తీసేయండి. తలుపులు మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, పొగ కనిపించదు, నిద్రలో ఉన్నవారికి మెలకువ రాదు. బొగ్గులు ఎర్రగా, పొగ లేకుండా ఉన్నాయి కాబట్టి ఫరవాలేదనుకోవడం పొరపాటు. సాయంత్రం వాకిట్లోనో వసారాలోనో కుంపటి చుట్టూ కూర్చోండి, పడుకునే ముందు బయటే వదిలేయండి.

ఆదిలాబాద్ వైపు రాత్రిళ్లు పది డిగ్రీల లోపుకు దిగడం ఏటా ఉన్నదే. బయట 8 ఉన్నప్పుడు లోపల 20 ఉండాలంటే, మీరు చెప్పిన గదికి రెండు గోడలు బయటి గాలికి ఉన్నాయనుకుని లెక్క వేస్తే, దాదాపు 1,300 వాట్లు కావాలి. కాబట్టి 2,000 వాట్ల హీటర్ చాలు, అయితే వేడి చాలినప్పుడు తనంతట తాను ఆగే థర్మోస్టాట్ ఉండాలి. రాత్రంతా వాడేదైతే ఎర్రగా మండే కడ్డీ హీటర్ కన్నా నూనె నింపిన రేడియేటర్ రకం మంచిది. దుప్పటి అంచు తగిలినా అంటుకునే భయం తక్కువ. దాన్ని 16 ఆంపియర్ల ప్లగ్గుకే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టకూడదు. ఎనిమిది గంటలకు పది యూనిట్ల దాకా కాలుతుంది.

వేడి, చల్లదనం రెండూ ఇచ్చే ఏసీ బయటి గాలిలో ఉన్న వేడినే లోపలికి తోడుతుంది కనుక, ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మీ పది యూనిట్ల పని మూడున్నరతో అయిపోతుంది. ఎండాకాలానికి ఎలాగూ ఏసీ కొనాలన్న ఆలోచన ఉంటే కొంత ఎక్కువైనా ఆ రకమే కొనండి. రెండు నెలల చలి కోసమే అయితే ఆ ఖర్చు తిరిగి రాదు, హీటరే నయం. గూన పెంకుల ఇళ్లలో మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. పెంకుల సందుల్లోంచి వేడి పోతూనే ఉంటుంది. అక్కడ గదిని వేడి చేయబోకుండా మంచం వైపు తిప్పిన చిన్న హీటరు, మంచి బొంతతో సరిపెట్టుకోవాలి.

ప్రశ్న: 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ పెట్టించాము. వేసవిలో మరిగిపోయే నీళ్లు, డిసెంబరులో గోరువెచ్చగానే వస్తున్నాయి. కాయిల్ పోయిందా? (జగిత్యాల)

జవాబు: కాయిల్ పోతే గోరువెచ్చగా కూడా రావు. ఆ గీజర్ శక్తి 3,000 వాట్లు. చలికాలం తెల్లవారుజామున డాబా మీది ట్యాంకు నీళ్లు 18 డిగ్రీల దగ్గర ఉంటాయి, స్నానానికి 40 కావాలి. అంత వేడి చేయాలంటే నిమిషానికి రెండు లీటర్లకు మించి నీళ్లు పోకూడదు. మీరు నల్లా పూర్తిగా తిప్పితే ఐదు లీటర్లు పోతాయి, అప్పుడు తొమ్మిది డిగ్రీలు కూడా పెరగదు. నల్లా సన్నగా తిప్పి బకెట్ పెట్టండి. 15 లీటర్ల బకెట్ నిండడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది గాని నీళ్లు వేడిగా ఉంటాయి. ఇంట్లో ఇద్దరికి మించి ఉంటే 25 లీటర్ల నిల్వ గీజర్ మేలు. 2,000 వాట్లతో 60 డిగ్రీలకు చేరడానికి అది 35, 40 నిమిషాలు తీసుకుంటుంది, చన్నీళ్లు కలిపితే మూడు బకెట్లు వస్తాయి. మీది బోరు నీరైతే లోపలి మెగ్నీషియం కడ్డీని రెండేళ్లకొకసారి విప్పించి చూపించండి. అది కరిగిపోయాక ఉప్పు నీరు ట్యాంకునే తినడం మొదలుపెడుతుంది.